థాంక్స్‌గివింగ్ విందుకు గుమ్మడికాయ పులుసు

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, బోస్టన్ దగ్గర కాపురముంటున్నది. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ విందుకు పక్కింటివారు పిలిచారట. అది వారి మతానికి సంబంధించిన పండుగా, మన సంక్రాంతి వంటి పంటల పండుగా? మేము మాంసం ముట్టము. అమ్మాయి అక్కడ ఏమి తినవచ్చు, ఏమి వండుకొని పోవచ్చు?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: నిస్సంకోచంగా వెళ్లమనండి అమ్మా. ప్రార్థనతో మొదలుపెట్టే ఇళ్లు ఉన్నా, నేడు అది అన్ని మతాలవారూ అయినవారితో కలిసి భోంచేసే జాతీయ సెలవుదినం.

దాని కథ పుట్టిన ప్లిమత్ మీ అమ్మాయి ఊరికి దగ్గరలోనే ఉంది. 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ ఓడలో వలస వచ్చిన 102 మంది ప్రయాణికులలో దాదాపు సగం మంది తొలి చలికాలంలోనే చనిపోయారు. బతికినవారికి గుంతలో చేపను ఎరువుగా వేసి మొక్కజొన్న నాటడం నేర్పినవాడు టిస్క్వాంటమ్ అనే స్థానిక ఆదివాసి. ఆయన పుట్టిన ఊరు అంతకు కొద్ది ఏళ్ల ముందే అంటురోగంతో తుడిచిపెట్టుకుపోయింది. ప్లిమత్ వెలసింది ఆ పాడుబడిన నేలమీదనే. 1621లో పంట ఇంటికి చేరాక జరిగిన మూడు రోజుల విందుకు వాంపనోగ్ తెగ నాయకుడు మససోయిట్ సుమారు 90 మందితో వచ్చాడు, వారు ఐదు జింకలను వేటాడి తెచ్చారు. ఆ స్నేహం నిలవలేదు. 1675లో మససోయిట్ కొడుకు మెటాకామ్‌కూ వలసవారికీ ఘోరయుద్ధం జరిగింది. అందుకే 1970 నుంచి థాంక్స్‌గివింగ్ రోజునే స్థానిక జాతులవారు ప్లిమత్‌లో సంతాపదినం పాటిస్తున్నారు. విందుకు వెళ్లేముందు మీ అమ్మాయి ఈ సంగతి తెలుసుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ల తరబడి పట్టుబట్టి రాయగా, 1863లో అధ్యక్షుడు లింకన్ దీనిని దేశమంతటికీ ప్రకటించాడు. నవంబరు నాలుగో గురువారమని చట్టం చేసింది 1941లో.

ఇక భోజనం. నడుమ టర్కీ కోడి ఉంటుంది. దానితో వడ్డించే రొట్టెముక్కల స్టఫింగ్‌లోనూ, గ్రేవీలోనూ మాంసం ఉడికిన నీళ్లు కలిసే అవకాశం ఎక్కువ కనుక అడిగి తినమనండి. గుమ్మడితో చేసే ‘పై’ అనే తీపి వంటకంలో సాధారణంగా కోడిగుడ్డు పడుతుంది. పుల్లని క్రాన్‌బెర్రీ పచ్చడి, గెనుసుగడ్డలు, మొక్కజొన్న పొత్తులు చాలావరకు నిశ్చింతగా తినవచ్చు.

తీసుకుపోవడానికి సంక్రాంతికి మనం పితికిపప్పుతో పాటు వండుకొనే గుమ్మడికాయ పులుసును మించినది నాకు తోచడం లేదు. గుమ్మడి, మొక్కజొన్న, మిరప, మన చిత్తూరు మెట్టచేలలో పండే చెనక్కాయ, ఇవన్నీ అమెరికా ఖండాల ఆదివాసులు సాగుచేసుకోగా ఓడలెక్కి మన దాకా వచ్చిన పంటలే. తొక్క తీయకుండా పెద్ద ముక్కలు కోసి, చింతపండు రసంలో బెల్లం వేసి ఉడికించి, దించేముందు వేయించిన చెనక్కాయల పొడి చల్లి, ఆవాలు, మెంతులు, ఇంగువతో తిరగమోత పెట్టమనండి. ముక్క గరిటెకు తగిలినా చితకకూడదు, తొక్క మాత్రం మెత్తబడాలి. పొరుగువారిలో చెనక్కాయలు పడనివారు ఉన్నారేమో ముందే అడిగి, ఉంటే ఆ పొడి మానేయమనండి. ఎండుమిరపకాయలు మన లెక్కలో సగం చాలు. ఆ పంక్తిలో చిన్నపిల్లలు కూడా కూర్చుంటారు.