తాగుడు కథలు సరే, ఆయన నటన మాటేమిటి?

ప్రశ్న: మాస్టారూ, మొన్న టీవీలో 'గ్లాడియేటర్' చూశాం. హీరోని కొనుక్కుని పోటీలకు దింపే ముసలాయన ప్రాక్సిమో ఉన్నాడు కదా, ఆ వేషం వేసినాయన షూటింగ్ మధ్యలోనే, అదీ తాగుతూ తాగుతూ పోయాడట. 'పోతే అలా పోవాలి' అని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? మరి సినిమా ఎలా పూర్తి చేశారు?
- ఒక పాఠకుడు, పద్మారావునగర్, హైదరాబాద్

జవాబు: నిజమే. ఆయన పేరు ఆలివర్ రీడ్. 1999 మే 2, ఆదివారం. షూటింగ్ కోసం మాల్టా అనే ద్వీప దేశంలో ఉన్నాడు. దాని రాజధాని వాలెట్టాలో ఒక బార్‌లో బ్రిటిష్ నావికులతో కలిసి తాగాడు, వాళ్లతో పంజా పట్టాడు. అక్కడే గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. వయసు 61.

'పోతే అలా పోవాలి' అనే మాట మాత్రం నాకు మింగుడుపడదు. మా మేనమామ రవీంద్రభారతిలో పద్యనాటకాలు వేసేవారు. దుర్యోధనుడి వేషంలో ఆయన తొడ కొడితే చివరి వరుసలో కూర్చున్న నాకు ఒళ్లు జలదరించేది. ఇప్పుడు చుట్టాల పెళ్లిళ్లలో ఆయన మాటొస్తే, తాగి మేకప్ గదిలో పడిపోయిన రాత్రి గురించే చెప్పుకుని నవ్వుతారు. ఆ పద్యాలు ఒక్కరికీ గుర్తులేవు. రీడ్‌కీ అదే జరిగింది.

ఆయన 1938లో లండన్ పక్కన వింబుల్డన్‌లో పుట్టాడు. అక్షరాలు తికమకపడే డిస్‌లెక్సియా ఉండటంతో చదువు అబ్బలేదు. నటన ఏ స్కూల్లోనూ నేర్చుకోలేదు. క్లబ్బు గుమ్మం దగ్గర బౌన్సర్‌గా నిలబడ్డాడు, ఎక్స్‌ట్రా వేషాలు వేశాడు. 1961లో ఒక భయానక సినిమాలో తోడేలు మనిషి వేషంతో తెరమీద నిలదొక్కుకున్నాడో లేదో, ఒక క్లబ్బు గొడవలో గాజు ముక్కలతో ముఖం చీరేశారు. చాలా కుట్లు పడ్డాయి. అలాంటి ముఖాన్ని పట్టించుకోకుండా దర్శకుడు కెన్ రస్సెల్ ఆయనకు 1965లో సంగీతకారుడు డెబ్యుసీ వేషం ఇచ్చాడు! కెన్ రస్సెల్ మీద నాకు గౌరవం పెరిగింది అందుకే.

1968లో వచ్చిన 'ఆలివర్!' తప్పకుండా చూడండి. దర్శకుడు కరోల్ రీడ్ ఆయన తండ్రికి సొంత సోదరుడు. సినిమా నిండా పాటలే, విలన్ బిల్ సైక్స్‌గా రీడ్‌కు మాత్రం ఒక్క పాటా లేదు. ఊరికే వచ్చి నిలబడతాడు, చుట్టూ ఉన్నవాళ్ల గొంతులు తగ్గిపోతాయి. అంత పని ఆ కళ్లతోనే చేశాడు. ఆ ఏడాది ఉత్తమ చిత్రం ఆస్కార్ ఆ సినిమాకే వచ్చింది.

1980ల తర్వాత చాలావరకు చిన్నాచితకా సినిమాలే. టీవీ చర్చలకు తాగి వచ్చేవాడు. వాళ్లూ అది తెలిసే పిలిచేవాళ్లని నా నమ్మకం, ఆ పని నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఆయన పోయేసరికి ఇంకా కొన్ని సీన్లు మిగిలున్నాయి. కథ మార్చి ప్రాక్సిమో పాత్రను చంపేశారు. డూప్‌ను నిలబెట్టి, అంతకుముందు తీసిన షాట్లలోంచి రీడ్ ముఖాన్ని కంప్యూటర్‌తో తెచ్చి అతికించారు. చెరసాల ఊచల దగ్గర మసక వెలుతురులో హీరోతో మాట్లాడే చోట గమనించండి. ఆ వేషానికి చనిపోయాక ఆయన్ని బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టాకు నామినేట్ చేశారు. సినిమాను మిత్రుడు ఆలివర్ రీడ్‌కు అంకితం చేస్తున్నట్టు చివర్లో వేస్తారు. ఈసారి పేర్లు పడుతుండగా టీవీ కట్టేయకండి.