ఆట మాన్పిస్తే చదువు పెరుగుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. చిన్నప్పటి నుంచీ సాయంత్రం ఫుట్‌బాల్ ఆడేవాడు. ఈ ఏడాది పెద్ద పరీక్షలున్నాయని మావారు ఆట మాన్పించారు. ఆ గంటన్నర కూడా ఇప్పుడు పుస్తకం ముందే కూర్చుంటున్నాడు. మార్కులు పెరగలేదు సరికదా, కాస్త తగ్గాయి. చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతుంటాడు. చిన్న మాటకే చిరాకు. రాత్రి పన్నెండైనా నిద్రపోడు. ‘ఆడితేనే నాకు చదువు బుర్రకెక్కుతుంది’ అంటాడు. అదంతా సాకు అంటారు మావారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. ఎవరి మాట నిజం?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయిది సాకు కాదు. ఆడితే చాలు, మార్కులు వాటంతటవే వస్తాయని వాడు అనుకుంటుంటే మాత్రం అదీ ఒప్పుకోను. మీవారి లెక్క చూద్దాం. ఆట గంటన్నరను తీసి చదువులో కలిపితే చదువు గంటన్నర పెరుగుతుందనుకున్నారు. పెరిగింది కూర్చునే సమయం. చదివిన పేజీనే మళ్లీ చదువుతున్నాడని మీరే రాశారు కదా.

పక్కన ఫోన్ మోగినా చూపు పుస్తకం మీదే నిలపడం, లెక్కలో మొదటి మెట్టు గుర్తుంచుకుని మూడో మెట్టు వేయడం, ఒక పద్ధతి కుదరకపోతే ఇంకోదానికి మళ్లడం... ఇవన్నీ ఎక్కువగా నుదుటి వెనక ఉండే మెదడు భాగం చేసే పనులు. ఆ భాగం పూర్తిగా ఎదగాలంటే ఇరవై ఏళ్లు దాటాలి. టీనేజీలో అదింకా తయారవుతూనే ఉంటుంది. వ్యాయామం వల్ల మేలు కనిపించేది ముఖ్యంగా ఈ పనుల్లోనే. గుండె వేగం పెరిగేలా కదిలినప్పుడు మెదడులో డోపమైన్, నారడ్రెనలిన్ లాంటి రసాయనాలు చురుకవుతాయి. ఆడి వచ్చాక కాసేపు బుర్ర తేటగా ఉండేది అందుకే. రోజూ చేస్తూ పోతే బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ కూడా తోడవుతుంది. మెదడు కణాలు బతికి ఉండటానికి, వాటి మధ్య కొత్త లింకులు ఏర్పడటానికి అది సాయపడుతుంది. జంతువుల మీద జరిగిన పరిశోధనల్లో ఇది మరీ స్పష్టంగా కనిపించింది.

మీవారికి చెప్పడానికి రెండు అధ్యయనాలు. జర్మనీలో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలతో పది నిమిషాల వ్యాయామం చేయించి, వెంటనే ఏకాగ్రత పరీక్ష పెట్టారు. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. మామూలు వ్యాయామం చేసినవాళ్లూ మెరుగయ్యారు. చూపూ చేతులూ కాళ్లూ కలిసి పనిచేయాల్సిన కసరత్తులు చేసినవాళ్లు అంతకంటే ఎక్కువ మెరుగయ్యారు. ఫుట్‌బాల్ ఆ కోవలోదే. స్పెయిన్‌లో 12 నుంచి 14 ఏళ్ల వాళ్లను మూడు జట్లుగా చేసి నాలుగు నెలలు చూశారు. వారానికి రెండు వ్యాయామ తరగతులున్న జట్టుకూ నాలుగున్న జట్టుకూ ఆలోచనా పరీక్షల్లో పెద్ద తేడా రాలేదు. అవే నాలుగు తరగతుల్లో చెమట పట్టేలా గట్టిగా చేయించిన జట్టు మాత్రం ముందుకెళ్లింది. (గోల్‌పోస్టుకు ఆనుకుని కబుర్లు చెప్పుకుంటూ నిలబడితే లెక్కలోకి రాదని మీ అబ్బాయికి కూడా చెప్పండి.)

ఇవి చిన్న అధ్యయనాలు. ఇలాంటివి చాలా పోగేసి చూసిన నిపుణుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. ఏకాగ్రతకు కొంత మేలు ఉందని, మార్కుల దగ్గరికొచ్చేసరికి అది ఇంకా తగ్గుతుందని చెప్పుకోవచ్చు. కాబట్టి ‘ఆడనిస్తే ఫస్టొస్తాడు’ అని మీవారికి మాటివ్వకండి. నాకు అన్నిటికంటే బలంగా కనిపించే విషయం ఇంకోటుంది. బళ్లలో చదువు టైం కొంత తగ్గించి వ్యాయామానికి ఇచ్చినప్పుడు మార్కులు పడిపోలేదు. మీవారి భయం అదే కదా.

ఆ చిరాకు సంగతి కూడా కాస్త ఆలోచించండి. ఆటతోపాటు వాడికి స్నేహితులు పోయారు, మార్కుల గురించి ఎవరూ అడగని ఒకే ఒక్క గంట పోయింది. పగలంతా కదలకపోతే రాత్రి నిద్ర కూడా సులువుగా రాదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. మీవాడికి అందులో ఎంత దొరుకుతోంది? నిద్ర తగ్గితే చదివింది మెదడులో నిలవదు. మార్కులు తగ్గడంలో దీని వాటా ఎంతో ఎవరు చూశారు?

ఇక చేయాల్సింది. నాలుగు వారాలు ఆటను తిరిగి మొదలుపెట్టనివ్వండి, షరతులతోనే. బడి నుంచి రాగానే ఆట, ఆ తర్వాత స్నానం, తిండి, చదువు. రోజుకు గంట చాలు. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు. ఆట అయ్యాక గ్రౌండ్ బయట ఇంకో గంట ఫోన్‌తో గడిపితే మీవారి కోపంలో న్యాయం ఉన్నట్టే. రాత్రి పొద్దుపోయాక ఆడటం వద్దు, నిద్ర చెడొచ్చు. పరీక్షల వారంలో కూడా పూర్తిగా ఆపకండి, అరగంటకు తగ్గించండి చాలు. గ్రౌండ్‌కు వెళ్లడం కుదరని రోజున స్కిప్పింగో పరుగో చేసుకుంటాడు. ఆ నాలుగు వారాలూ ఎన్ని గంటలు కూర్చున్నాడని చూడకండి. చదివింది పుస్తకం మూసి చెప్పగలుగుతున్నాడా, ఎన్నింటికి పడుకుంటున్నాడు, ఈ రెండే చూడండి.

ఒక్క పని మాత్రం దయచేసి చేయకండి. ‘మార్కులొస్తేనే ఆట’ అని పెట్టకండి. మార్కులు తగ్గిన నెలలోనే వాడికి ఆట అవసరం ఎక్కువ. సరిగ్గా అప్పుడే దాన్ని లాగేసుకున్నట్టవుతుంది.

ఆట మొదలయ్యాక కూడా రెండు వారాలు దాటి మనసు బాగోకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే, తిండీ నిద్రా దెబ్బతింటుంటే సైకాలజిస్టు దగ్గరకో సైకియాట్రిస్టు దగ్గరకో తీసుకెళ్లండి. ‘చచ్చిపోతే బాగుండు’ లాంటి మాట వాడి నోట వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

మీరు నలిగిపోతున్నది తండ్రి మాట కొడుక్కి, కొడుకు మాట తండ్రికి మోస్తున్నందుకే అనిపిస్తోంది. ఆ మోత దించేయండి. ఒక సెలవు రోజున వాళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఈ నాలుగు వారాల టైం టేబుల్ వాళ్లనే రాసుకోమనండి.