ఎంక్యాట్ స్కోరు తగ్గిన మేనకోడలికి

అమ్మడూ,

ఎంక్యాట్‌లో, అదే అమెరికా మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్షలో, నీకొచ్చిన 498 అన్న అంకెను కాసేపు పక్కనపెట్టి, దాని కిందున్న నాలుగూ చూడు. కెమిస్ట్రీ 127, కార్స్ (పాసేజీలు చదివి అర్థం చేసుకుని జవాబులు పెట్టే సెక్షన్) 120, బయాలజీ 125, సైకాలజీ 126. ఒక్కో సెక్షన్‌కు 118 నుంచి 132 దాకా ఇస్తారు. అంటే నిన్ను ముంచింది కార్స్ ఒక్కటే. ఆ ఒక్కదాని కోసం బయోకెమిస్ట్రీ పుస్తకాలన్నీ మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేస్తే మూడు నెలలు వృథా.

మళ్లీ రాయాల్సిందే. ఎండీ డిగ్రీ ఇచ్చే మెడికల్ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు 511, 512 దగ్గరుంది. డీఓ (ఆస్టియోపతిక్ డాక్టర్) డిగ్రీ ఇచ్చే స్కూళ్లలో 504 చుట్టుపక్కల. కానీ వచ్చే నెలకే తేదీ తీసుకోకు. ఏడాదికి మూడుసార్లు, రెండేళ్లలో నాలుగుసార్లు, మొత్తం మీద ఏడుసార్లే రాయనిస్తారు. స్కోరు వద్దని రద్దు చేసుకున్నదీ అందులో లెక్కే. పైగా ఎండీ స్కూళ్లకు ఉమ్మడిగా దరఖాస్తు చేసే ఆమ్‌క్యాస్ ద్వారా వెళ్తే పాత స్కోర్లన్నీ స్కూళ్లకు కనిపిస్తాయి. 498 తర్వాత 499 పడితే ఒక్కసారి రాసినదానికంటే అధ్వాన్నం. ఈ పరీక్ష పెట్టే ఏఏఎంసీ వాళ్ల పూర్తి నమూనా పరీక్షలు, మధ్యలో ఆపకుండా, వరసగా మూడింటిలో అనుకున్న స్కోరు వచ్చాకే ఫీజు కట్టు.

కార్స్‌లో తొంభై నిమిషాలకు 9 పాసేజీలు, 53 ప్రశ్నలు. అంటే పాసేజీకి పది నిమిషాలు. చదవడానికి నాలుగు, జవాబులకు ఆరు. అక్కడ బయటి జ్ఞానంతో పనిలేదు, సైన్సు బాగా వచ్చినవాళ్లు బోల్తాపడేది అందుకే: తమకు తెలిసినదాన్నిబట్టి జవాబు పెట్టేస్తారు. రోజుకు రెండు పాసేజీలు చాలు. తప్పిన ప్రతి ప్రశ్నకూ, సరైన జవాబుకు ఆధారమైన వాక్యాన్ని పాసేజీలో గీత గీసి, నువ్వు పెట్టింది ఏ మాట దగ్గర దారితప్పిందో పక్కన రాసుకో. విసుగు పుట్టించే పనే, అయినా స్కోరు కదిలేది దీంతోనే.

ఫలితానికి నెల పైనే పడుతుంది. దరఖాస్తులు మే చివర్లోనో జూన్ మొదట్లోనో తీసుకోవడం మొదలుపెడతారు. ఫలితం రాకపోయినా ముందు ఒక్క స్కూలుకు పంపేసి కాలేజీ మార్కుల తనిఖీ చేయించుకో, మిగతావి స్కోరు చూశాక కలపొచ్చు. స్కూళ్లు ఎంచుకునేటప్పుడు స్కూలువారీగా ప్రవేశాల లెక్కలుండే ఎంఎస్ఏఆర్‌లో మధ్య అంకె ఒక్కటే చూసుకుని బెంగపడకు, పదో పర్సెంటైల్ (నూటికి పదిమందికే అంతకంటే తక్కువ వచ్చిన స్కోరు) కూడా చూడు. దానికి దిగువనుంటే ఆ స్కూలు వదిలెయ్. మీ రాష్ట్రపు ప్రభుత్వ స్కూళ్లు తప్పక వెయ్యి. బయటివాళ్లను వేళ్లమీద లెక్కపెట్టేటంతమందినే తీసుకునే పక్క రాష్ట్రపు స్కూళ్లకు డబ్బు తగలెయ్యకు.

డాక్టరు ఎందుకవ్వాలనుకుంటున్నావో చెప్తూ దరఖాస్తులో రాసే వ్యాసానికి 5300 అక్షరాలే. అందులో స్కోరు ప్రస్తావన వద్దు. తర్వాత స్కూళ్లు విడిగా పంపే రెండో విడత ప్రశ్నల్లో అడిగితే ఏం మార్చుకున్నావో మూడు వాక్యాల్లో చెప్పు, సాకులొద్దు.

మెడికల్ స్కూలుకు ముందు చేసే పీజీ కోర్సు, స్పెషల్ మాస్టర్స్ గురించి అడిగావు. అది జీపీఏ (కాలేజీ మార్కుల సగటు) తగ్గినవాళ్లకు మందు, ఎంక్యాట్‌కు కాదు. ఖరీదూ ఎక్కువే, అక్కడా మార్కులు జారితే ఉన్న దారీ మూసుకుపోతుంది. కరీబియన్ స్కూలెవరైనా సీటిస్తామంటే మొదటి ఏడాది ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది రెసిడెన్సీలో (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణలో) కుదిరారు అని అడుగు. రెండో అంకె చెప్పడానికి నసిగితే ఫోన్ పెట్టేయ్.

నీ జీపీఏ రాయలేదు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నాలుగిటిదీ విడిగా లెక్కగట్టి పంపు. అది చూశాక స్కూళ్ల జాబితా కూర్చుందాం.

మీ మామయ్య