అమ్మలూ, ఆ మేకు సంగతి ముందు విను

అమ్మలూ,

సైన్స్ డేకి నువ్వు నీళ్ళ మీద రాళ్ళు విసిరే మెషీన్ చేస్తున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. అదే, మన ఊళ్ళో కప్పగంతులంటామే, అది. క్లాసులో సగం మంది మట్టి కొండలో వంటసోడా పోసి పొంగిస్తుంటే నీకు ఈ ఆలోచన ఎలా వచ్చిందో గానీ, నలభై ఏళ్ళు ఆయిల్ ఇంజన్లు విప్పి బిగించినవాడి మనవరాలివి అనిపించావు. అరుగు మీద కూర్చున్న ముగ్గురికీ చెప్పాను. పాలు పోసే అబ్బాయికి కూడా చెప్పాను, వాడు అడక్కపోయినా. తీరా పడుకుంటే నిద్ర పట్టలేదు. 'స్ప్రింగు పెడుతోంది నాన్నా, గట్టిది తెచ్చుకుంది' అని మీ నాన్న అన్న మాటే చెవిలో తిరుగుతూ ఉంది. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా. పెద్దదవుతుంది, విసుక్కోకుండా చదువు.

సులువైనవి ముందు చెప్పేస్తా. కింద పీట బరువుగా ఉండాలి, లేకపోతే రాయి ముందుకీ మెషీన్ వెనక్కీ పోతాయి. ప్రతి బోల్టుకూ రెండు నట్లు వెయ్యి. కొలతలు నోట్‌బుక్‌లో రాసుకో, అరచేతిలో కాదు.

ఇక రాయి తిరగాలి. బొంగరం తిరుగుతున్నంతసేపూ నిలబడ్డట్టే, రాయి గిర్రున తిరుగుతున్నంతసేపూ దాని వాలు మారదు. తిప్పు తగ్గిందంటే ముక్కు నీళ్ళలో గుచ్చుకుని బుడుంగుమంటుంది. మనిషి విసిరితే ఆ తిప్పు చూపుడు వేలి కొసనుంచి వస్తుంది. మెషీన్‌కి వేలు లేదు కాబట్టి విసిరే కర్ర పొడుగునా ఒక పట్టీ కొట్టి, దానికి పాత సైకిల్ ట్యూబు ముక్క అంటించు. కర్ర తిరిగేటప్పుడు రాయి ఆ రబ్బరు మీద జారకుండా దొర్లుకుంటూ బయటికి పోతుంది, ఆ దొర్లడమే తిప్పు. తుపాకీ గురి నేర్చుకునేవాళ్ళ కోసం మట్టి బిళ్ళల్ని గాల్లోకి విసిరే యంత్రాలుంటాయి, వాటిలోనూ కిటుకు ఇదే.

వాలు సంగతి మీ నాన్న నాకు తప్పు చెప్పాడు, నీకూ తప్పే చెప్పి ఉంటాడు. ఫ్రాన్స్‌లో బోకే అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళూ అల్యూమినియం బిళ్ళల్ని మెషీన్‌తో నీళ్ళ మీదికి వదిలి చూసి 2004లో నేచర్ పత్రికలో రాశారు, 20 డిగ్రీల దగ్గర బాగా లేస్తుందని. ఆ 20 డిగ్రీలు రాయి పోయే దారి వాలు కాదు, రాయి పడుకున్న వాలు. ముందు అంచు కొంచెం పైకెత్తి ఉండాలి, పోయే దారి మాత్రం నీళ్ళకు దగ్గరగా, చదునుగా ఉండాలి. దారానికి నట్టు కట్టి వేలాడదీసి, నీ జామెట్రీ బాక్సులో కోణమానిని పెట్టి చూసుకో. 10, 20, 30 మూడూ చెయ్యి, స్ప్రింగు లాగుడు మాత్రం మార్చకు. ఒక్కో వాలుకి పదేసి రాళ్ళు వెయ్యి. మునిగిపోయినవి కూడా రాసుకో, అవే ఎక్కువ చెప్తాయి. కంటితో లెక్కపెట్టడం నీ వల్ల కాదు, చివరి గంతులు చిన్నగా, దగ్గరదగ్గరగా పడతాయి. ఫోన్లో స్లో మోషన్ పెట్టి తియ్యి. అమెరికాలో కర్ట్ స్టైనర్ అనే ఆయన 2013లో చేత్తో 88 గంతులు వేయించాడట. మన ఇంట్లో రికార్డు 11.

ఆ 11 ఎవరిదో తెలుసా? మీ చిన్నతాతది.

నీకు నమ్మబుద్ధి కాదు. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఆయన చూపుడు వేలు కర్రలా నిలబడే ఉంది, అన్నం కూడా మిగతా వేళ్ళతోనే కలుపుకుంటాడు. బావి గిలకలో పడి నలిగిందని నీకూ చెప్పాం, మీ నాన్నకీ చెప్పాం. గిలక కాదు. వాణ్ణి అడిగే రాస్తున్నా ఇది.

1972, నేను పదో తరగతి, వాడు ఏడు. మార్కాపురం చుట్టుపక్కల పలకల గనులు కదా, దారి పొడుగునా పెచ్చులు గుట్టలుగా పోసి ఉండేవి. వాడు వాటిలోంచి ఒకటి ఏరుకుని, నడుం వంచి అలా విసిరితే చెరువు మీద చినుకులు పడుతూ పోయినట్టుండేది. నేను ఎంత గింజుకున్నా నాలుగు దాటేది కాదు. కుళ్ళు, ఇంకేముంది. వాడికంటే ఎక్కువ గంతులు వేయించేదేదో నేను తయారు చెయ్యాలని, తుమ్మ గుంజ ఒకటి పాతి, దానికి బోల్టుతో కర్ర బిగించి, లారీ ట్యూబు కోసి నాలుగు పేటలు కట్టాను. కర్రను వెనక్కి లాగి ఒక మేకుతో ఆపాను. మేకు లాగితే కర్ర తిరగాలి, రాయి పోవాలి. రెండుసార్లు పోయింది కూడా. మూడోసారి ఇంకొంచెం బిగించాను. అంత లాగుడుకి మేకు వంగి బొక్కలో ఇరుక్కుపోయింది, రావడం లేదు.

అప్పుడు వాణ్ణి పిలిచాను. 'నీ చేతులు సన్నగా ఉంటాయి, లోపల చెయ్యి పెట్టి కదిలించు' అన్నాను. నేనే అన్నాను. వాడు ఒక్క క్షణం నా మొహం చూశాడు, తర్వాత పెట్టాడు. ఆ శబ్దం ఎలా ఉందో రాయను. నాన్న పరిగెత్తుకొస్తే, నేను నోరు తెరిచేలోపు వాడే 'గిలకలో పడింది నాన్నా' అన్నాడు. ఏడుస్తూనే. ఊళ్ళో కట్లు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. కట్టు విప్పేసరికి వేలు అతుక్కుంది గానీ వంగలేదు. తర్వాత ఒకసారి చెరువు దగ్గర, ఎవరూ లేరనుకుని, మధ్య వేలితో విసిరి చూసుకుంటున్నాడు. రెండు గంతులు. నేను గట్టు వెనక నిలబడి చూసి ఇంటికొచ్చేశాను. ఇన్నేళ్ళలో నేను వాడికి సారీ చెప్పలేదు. వాడూ అడగలేదు.

నాయనమ్మకి నీళ్ళంటే భయం, నీకు ఈత రాదని రోజుకి రెండుసార్లు గుర్తు చేస్తోంది. ఆ భయం ఆమెకే వదిలేశాను. నా భయం స్ప్రింగు. రెండింతలు లాగితే దానిలో దాచుకున్న శక్తి నాలుగింతలవుతుంది, రెండింతలు కాదు. లాగిన స్ప్రింగు ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తుంది. అది కూర్చోలేదు తల్లీ.

కాబట్టి నేను చెప్పినట్టు చెయ్యి, వాదించకు. స్ప్రింగు వెనక కొసని ఒక పొడుగు మరబోల్టుకి తగిలించు. కర్రని మేకుతో ఆపి, రాయి పెట్టి, అప్పుడు మెషీన్ వెనకనుంచి నట్టు తిప్పుతూ స్ప్రింగు బిగించు. మేకుకి ఆరడుగుల తాడు కట్టి వెనకనుంచే లాగు. ఇరుక్కుంటే ముందుకెళ్ళకు, వంగి చూడకు, కర్ర తిరిగే మేరలో ఎవర్నీ వేలు కూడా పెట్టనీయకు. నట్టు వెనక్కి తిప్పు, స్ప్రింగు వదులవుతుంది, అప్పుడు వెళ్ళి చూడు. ఆ ఒక్క నట్టు నాకు ఆ రోజు తోచలేదు. నలభై ఏళ్ళలో ఎన్ని వేల నట్లు బిగించానో.

కళ్ళద్దాలు పెట్టుకో. చూడ్డానికి బాగోవని అంటావు, నాకు తెలుసు. పెట్టుకో.

ఫిబ్రవరి 28న స్కూల్లో అంత పొడుగు నీళ్ళు ఎక్కడినుంచి తెస్తావ్? సంక్రాంతికి వస్తావుగా, మెషీన్ డిక్కీలో వేసుకుని రా. చెరువులో వేసి వీడియో తీసుకెళ్ళి చూపించు. అక్కడ ఉత్త మెషీన్ పెట్టు, స్ప్రింగు ఊడదీసి.

రాళ్ళ గురించి వెతుక్కోకు. పలక పెచ్చు మరీ పల్చనైతే నీళ్ళ దెబ్బకే విరుగుతుంది, చిటికెన వేలి మందం ఉండాలి, బరువులన్నీ ఒకటిగా ఉండాలి. చిన్నతాత పొద్దుటినుంచీ అరుగు మీద కూర్చుని ఆకురాయి పెట్టి అంచులు గుండ్రంగా రుద్దుతున్నాడు. ఇప్పటికి తొమ్మిదయ్యాయి, కిరాణా కొట్టు కాటా మీద తూచి మరీ పక్కన పెడుతున్నాడు. అడ్డం ఎన్ని సెంటీమీటర్లుండాలో చెప్పలేదేంటి నీ మనవరాలు అని నన్ను కసురుతున్నాడు. స్కూలు నుంచి రాగానే కొలిచి ఫోన్ చెయ్యి. నాకు కాదు, వాడికి.

తాతయ్య