ఆన్‌లైన్‌లో వయసు, గేటు దగ్గర ఎత్తు: పిల్లల టికెట్‌కు పెద్దల రేటు కట్టించుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, పట్టాభిపురం. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వేరే ఊళ్లో ఉన్న ఒక థీమ్ పార్కుకు వెళ్లాం. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. బుకింగ్ పేజీలో ‘పిల్లలు: 3 నుంచి 12 ఏళ్ల వరకు’ అని ఒక రేటు, ‘పెద్దలు’ అని ఇంకో రేటు ఉన్నాయి. మా అబ్బాయికి, మా చెల్లెలి కూతురికి పిల్లల టికెట్లు కొన్నాను. పాపకు పదేళ్లు నిండాయి, కానీ పొడగరి. గేటు దగ్గర గోడ మీద గీసిన 140 సెంటీమీటర్ల గీతకు ఆనించి నిలబెట్టారు. గీత దాటింది కాబట్టి పెద్దల టికెట్టే అన్నారు. ఆధార్ చూపించినా వినలేదు. మా అబ్బాయికి పన్నెండు నిండి రెండు నెలలైంది. వాడు గీత కిందే ఉన్నాడు. ఈలోగా మా అత్తగారు ‘వీడికి పదమూడో ఏడు నడుస్తోంది’ అన్నారు. అది విని వాడికి మాత్రం వయసు లెక్కేసి, పెద్దల టికెట్ తీసుకోమన్నారు. వెనక్కి వెళ్లిపోతాం, డబ్బులిచ్చేయండి అంటే ‘నాన్ రిఫండబుల్’ అన్నారు. పిల్లలు ఏడుపు మొహం పెట్టేసరికి ఇద్దరికీ తేడా కింద 700 రూపాయలు కట్టి లోపలికి వెళ్లాం. తీరా లోపలికి వెళ్లాక అబ్బాయిని ఎత్తు చాలదని రెండు రైడ్లు ఎక్కనివ్వలేదు! దీనికి చట్టం ఒప్పుకుంటుందా? డబ్బు వెనక్కి రావాలంటే ఆ ఊరు చుట్టూ తిరగాలా? మా తోడల్లుడు చీటింగ్ కేసు పెట్టమంటున్నారు. మా అత్తగారేమో ఈసారి వయసు తగ్గించి చెబితే పోతుంది అంటున్నారు.

- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ మేనకోడలి విషయంలో మీ పక్షం గట్టిగా ఉంది. మీ అబ్బాయి విషయంలో అంత గట్టిగా లేదు, అలాగని తీసిపారేసేదీ కాదు. రెంటికీ కారణాలు వేరు కాబట్టి విడివిడిగా చెబుతాను.

ముందు ఒక అపోహ తొలగించాలి. పిల్లలకు ఇంత, పెద్దలకు ఇంత అని పార్కువాళ్లు రేటు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. మన రాష్ట్రంలో సినిమా టికెట్ రేట్లకు 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం ఉంది, దాని కింద ప్రభుత్వం జీఓలు ఇస్తుంది. ప్యాకెట్ సరుకుకు ఎమ్మార్పీ ఉంటుంది. థీమ్ పార్కు ప్రవేశ రుసుముకు అలాంటి కట్టడి ఏదీ లేదు. వయసును బట్టి రేటు మార్చడం వివక్ష కదా అని కొందరు అడుగుతుంటారు. రాజ్యాంగంలోని 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అడ్డు రాకూడదంటుంది. ఆ జాబితాలో వయసు లేదు. థియేటర్లలోకి బయటి తినుబండారాలు తేవడం గురించిన కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇక్కడికి పనికొస్తుంది. ప్రజాప్రయోజనానికి విరుద్ధం కానంతవరకు తన ఆవరణలో ఏ నియమాలుండాలో నిర్ణయించుకునే హక్కు యజమానికి ఉందని ఆ తీర్పు సారాంశం. అందుకే, ‘పదేళ్ల పిల్లకు పెద్దల రేటు ఏమిటి, అన్యాయం’ అన్న ఒక్క మాట మీద కేసు నిలబడదు. రేపటి నుంచి ఎనిమిదేళ్లు దాటితే పెద్దల రేటే అని వాళ్లు బోర్డు పెట్టినా కోర్టు ఆపదు. నచ్చకపోతే మనం వెళ్లడం మానేయాలి, అంతే.

మీ బలం వేరే చోట ఉంది. ఏ కొలత చెప్పి డబ్బు తీసుకున్నారో ఆ కొలతకు వాళ్లు కట్టుబడి ఉండాలి. మీరు డబ్బు కట్టి, వాళ్లు బుకింగ్ ఖాయం చేసిన క్షణంలోనే ఒప్పందం పూర్తయింది. అందులో ఉన్న షరతు వయసు. గేటు దగ్గర గోడ మీద గీత ఆ తర్వాత మీకు కనిపించిన కొత్త షరతు. కుదిరిపోయిన ఒప్పందానికి ఒక పక్షం తనంతట తాను షరతు తగిలించలేదు. టికెట్ షరతుల గురించి లా కాలేజీల్లో చెప్పే ఒక పాత కేసుంది. కారు పార్కింగ్ దగ్గర మెషీన్ నుంచి టికెట్ తీసుకున్నాక లోపల బోర్డు మీద కనబడే షరతులు కొనుగోలుదారును కట్టేయవని 1970లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు తీర్పు చెప్పింది. మన కోర్టులు దాన్ని పాటించి తీరాలని లేదు గానీ, ఆ సూత్రం మన కాంట్రాక్టు చట్టానికి పరాయిది కాదు.

ఇక్కడ మీరొకటి సరిచూసుకోవాలి, మీ కేసంతా దాని మీదే ఉంది. డబ్బు కట్టే ముందు ‘నియమ నిబంధనలు అంగీకరిస్తున్నాను’ అనే గడిలో టిక్ పెట్టే ఉంటారు. మనలో ఎవరం చదువుతాం అవి! ఇప్పుడు మాత్రం ఆ పేజీ తెరిచి మొత్తం చదవండి. ‘ప్రవేశం వద్ద ఎత్తును బట్టి టికెట్ నిర్ణయిస్తాం’ అన్న వాక్యం అందులో ఉంటే వాళ్లకు ఒక ఆధారం దొరికినట్టే. అప్పుడు మీ వాదన మారాలి: పైన పెద్ద అక్షరాల్లో వయసు రాసి, అడుగున చిన్న అక్షరాల్లో ఎత్తు రాయడం తప్పుదోవ పట్టించడమేనని. ప్రకటనలో ప్రధానంగా చెప్పిన మాటకు అడుగున ఇచ్చే గమనిక విరుద్ధంగా ఉండకూడదని 2022లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది కూడా మంచి వాదనే, కాకపోతే మొదటిదంత సూటిగా ఉండదు. ఆ వాక్యం ఎక్కడా లేకపోతే మీకు టెన్షన్ లేదు. ఆ పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి దాచండి, ఫిర్యాదు అందగానే వాళ్లు దాన్ని మార్చేయవచ్చు.

ఇక అబ్బాయి సంగతి. మన ఇళ్లలో పెద్దవాళ్లు నడుస్తున్న ఏడు చెబుతారు, చట్టం నిండిన ఏళ్లే లెక్కేస్తుంది. కాబట్టి మీ అత్తగారి మాటకు చట్టంలో విలువ లేదు. అబ్బాయి వయసు పన్నెండే, పదమూడు కాదు. చిక్కల్లా ‘12 ఏళ్ల వరకు’ అన్న రాతతో వచ్చింది. పన్నెండు నిండిన రోజు దాకా అని వాళ్లంటారు, పదమూడు నిండే దాకా పన్నెండేళ్ల వాడే కదా అని మీరంటారు. రైల్వేలో ఈ గొడవ లేదు, 5 నిండి 12 నిండని పిల్లలకు వేరే లెక్క ఉంటుందని అందరికీ తెలుసు. అమెరికాలో ఓర్లాండో డిస్నీ పార్కులో 3 నుంచి 9 ఏళ్ల వాళ్లకు పిల్లల టికెట్, 10 నుంచి పెద్దల టికెట్ అని రాస్తారు. అలా రాస్తే మధ్యలో సందు ఉండదు. మీ పార్కు పెద్దల దగ్గర ఏ వయసూ వేయలేదు. ఒక పక్షం తయారుచేసిన షరతుకు రెండు అర్థాలు వస్తుంటే, తయారుచేసిన వారికి వ్యతిరేకంగా ఉన్న అర్థాన్నే తీసుకోవాలన్న సూత్రాన్ని మన కోర్టులు ముఖ్యంగా బీమా కేసుల్లో చాలాకాలంగా వాడుతున్నాయి. దాన్ని ఇక్కడ వాడమని అడగవచ్చు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఇంకెక్కడైనా ‘13 ఏళ్లు, ఆపైన పెద్దలు’ అని కనబడిందా, ఇక వాదనే అక్కర్లేదు.

నా దృష్టిలో మీ ఫిర్యాదులో అన్నిటికన్నా పదునైన విషయం మీరు ఊరికే చెప్పుకుపోయారు. ఒకే గేటు దగ్గర, ఒకే కుటుంబంలో, పాపకు ఎత్తు చూశారు, బాబుకు వయసు చూశారు. ఎత్తే కొలత అయితే గీత కిందున్న బాబుకు పిల్లల టికెట్ ఇవ్వాలి. వయసే కొలత అయితే పదేళ్ల పాపకు ఇవ్వాలి. ఏది ఎక్కువ డబ్బు తెస్తే దాన్ని పట్టుకోవడాన్ని ఏ పార్కూ సమర్థించుకోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దీన్ని అనుచిత వాణిజ్య పద్ధతి కిందికి తెస్తుందనే నా అభిప్రాయం. ఫిర్యాదు మొదటి పేరాలోనే ఇది రాయండి.

రైడ్ల సంగతి మాత్రం జాగ్రత్తగా ఎత్తండి. ఎత్తు చాలని పిల్లవాణ్ని రైడ్ ఎక్కనివ్వకపోవడం భద్రత కోసం. సీటు పట్టీ, బార్ ఆ ఒంటికి సరిగా పట్టవు. దాని మీద గేటు దగ్గర ఎప్పుడూ గొడవ పడకండి, రేపు వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్లినా దాన్ని తప్పుగా చూపకండి. మీరు అడగాల్సింది ఇంకొకటి: పెద్దల రేటు తీసుకునేటప్పుడు ‘ఈ బాబు ఫలానా రైడ్లు ఎక్కలేడు’ అని ఎందుకు చెప్పలేదు? పెద్దల డబ్బు తీసుకుని పిల్లల సేవ ఇవ్వడం సేవాలోపమని వాదించవచ్చు.

‘నాన్ రిఫండబుల్’ అన్న ముద్ర చూసి వెనక్కి తగ్గకండి. బట్టల లాండ్రీ రసీదు వెనక, వస్తువు పోతే దాని విలువలో 15 శాతమే ఇస్తాం అని అచ్చువేసిన షరతును 1960లలోనే మద్రాసు హైకోర్టు ప్రజా విధానానికి విరుద్ధమని కొట్టేసింది. కొనుగోలుదారు మనసు మార్చుకుంటే డబ్బు ఇవ్వం అనడం ఒకటి, తామే షరతు మార్చి డబ్బు ఇవ్వం అనడం ఇంకొకటి.

తోడల్లుడు గారికి నా నమస్కారాలు చెప్పి చీటింగ్ కేసు ఆలోచన మాన్పించండి. భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద మోసం రుజువు కావాలంటే మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. స్టేషన్‌లో ‘ఇది సివిల్ తగాదా’ అని తిప్పి పంపుతారు, ఒక రోజు పోతుంది.

ముందు పార్కు కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి. బుకింగ్ నంబరు, వెళ్లిన తేదీ, గేటు దగ్గర కట్టిన తేడాకు రసీదు లేదా యూపీఐ వివరం, ఇద్దరి పుట్టిన తేదీలు రాసి 700 రూపాయలు 15 రోజుల్లో వాపసు చేయమనండి. కోపం చూపకండి, రేపు ఆ మెయిల్‌ను కమిషన్ చదువుతుంది. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వాళ్లకు తీర్పు చెప్పే అధికారం లేదు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రప్పిస్తారు. ఇంత చిన్న మొత్తాలు చాలాసార్లు ఇక్కడే తేలిపోతాయి, కాబట్టి ఈ మెట్టు దాటవేయవద్దు.

అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. పార్కు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే చోటే ఫిర్యాదు చేయవచ్చని 2019 చట్టం 34 సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. కాబట్టి మీకు గుంటూరు కమిషన్ చాలు. సేవకు మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు (లాయరుగా ఈ మాట రాయడం నాకు నష్టమే, అయినా నిజం). ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గేటు దగ్గర ఆ ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. నోటీసు అందాక పార్కు 30 రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. అది దాటితే తీసుకోవడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పాత చట్టం కింద తేల్చింది. కొత్త చట్టంలోనూ అదే గడువు ఉంది.

ఫిర్యాదులో ‘అనుచిత ఒప్పందం’ అనే పదం వాడకండి. ఆ రకం ఫిర్యాదులు వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఈ ఒక్క పదం పట్టుకుని అవతలి లాయరు ‘ఈ కేసు వినే అధికారం ఈ కమిషన్‌కు లేదు’ అని విచారణార్హత అభ్యంతరం లేవదీస్తాడు. ‘అనుచిత వాణిజ్య పద్ధతి’, ‘సేవాలోపం’ అని రాస్తే చాలు. 700 రూపాయల వాపసు, కొంత పరిహారం, ఖర్చులు, ఆ పద్ధతి మానుకోవాలని ఆదేశం అడగండి. మానసిక క్షోభకు ఐదు లక్షలు అని మాత్రం వేయకండి. అలాంటి అంకె చూడగానే మిగతా ఫిర్యాదు మీద కూడా నమ్మకం తగ్గుతుంది. టికెట్లు మీరే కొన్నారు కాబట్టి మేనకోడలి తరఫున వేరే ఫిర్యాదు అక్కర్లేదు.

వయసు రుజువు గురించి అవతలివాళ్లు ఒక మెలిక పెట్టవచ్చు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. అందుకని ఫిర్యాదుకు మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రాలు జతచేయండి. బడిలో చేర్చేటప్పుడు తేదీ మార్చి వేయించి ఉంటే ముందే చెప్పండి, రెండు కాగితాల్లో రెండు తేదీలుంటే మీరే ఇరుక్కుంటారు.

చివరిగా మీ అత్తగారి సలహా. ఆర్టీసీ బస్సులో అర టికెట్ కోసం పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ‘ఇంకా పన్నెండు నిండలేదండీ’ అన్న తరం వాళ్లది, నేనేమీ అనను. కానీ అబద్ధపు వయసు చెప్పి తీసుకున్న టికెట్‌ను పార్కు రద్దు చేయవచ్చు, తేడా వసూలు చేయవచ్చు. ఆపైన మీరు వేసే ఏ ఫిర్యాదూ నిలవదు. తేడా కట్టే దాకా అని కుటుంబాన్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి బయటికి పోనివ్వకపోతే మాత్రం అది అక్రమ నిర్బంధం, న్యాయ సంహిత 127 సెక్షన్ కింద నేరం. అలాంటి పరిస్థితి వస్తే వెంటనే 112కు ఫోన్ చేయండి.