అడవి ఆదాయం లెక్కకు ఎందుకు రాదు?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర కొండ మీది ఊరు. సర్వేకు వచ్చినవారు ‘అడవి వల్ల మీ ఇంటికి ఏడాదికి ఎంత ఆదాయం వస్తుంది?’ అని అడిగితే మా నాన్న ‘ఏమీ రాదు’ అన్నారు. వారు అలాగే రాసుకుని వెళ్లారు. ఆ సమయంలో మా అమ్మ అరుగు మీద అడవి నుంచి తెచ్చిన అడ్డాకులను విస్తర్లుగా కుడుతోంది. ఇలాంటి పరిశోధనలను నమ్మవచ్చునా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మీ నాన్నగారు అబద్ధం చెప్పలేదు. ఆదాయం అనగానే కాఫీ, మిరియాలు, కూలి డబ్బు వంటివే ఎవరికైనా గుర్తుకు వస్తాయి. చింతపండు, కొండచీపుర్లు సంతలో అమ్మగా వచ్చిన సొమ్ము ఆ సంతలోనే ఉప్పుకూ నూనెకూ ఖర్చయిపోతుంది. వానలు పడగానే దొరికే పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, ఏడాది పొడవునా పొయ్యిలోకి వచ్చే కట్టెలు అసలు అమ్మకానికే పోవు. వీటన్నిటినీ ఏడాది చివర ఒక్క ప్రశ్నతో రాబట్టాలనుకోవడమే పొరపాటు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి అంతర్జాతీయ అటవీ పరిశోధన కేంద్రం (సిఫార్) 24 వర్ధమాన దేశాలలో దాదాపు 8,000 కుటుంబాలను ఏడాది పొడవునా, మూడు నెలలకు ఒకసారి చొప్పున, ఒకే పద్ధతిలో ప్రశ్నించే అధ్యయనాన్ని నడిపించింది. ఇంట్లో వాడుకున్నదానికి కూడా స్థానిక ధర కట్టి లెక్కలో చేర్చింది. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆ కుటుంబాల మొత్తం ఆదాయంలో 28 శాతం సాగు చేయని ప్రకృతి వనరుల నుంచి వస్తోంది. అందులో 77 శాతం సహజమైన అడవులదే. అడిగే తీరు మారితే ‘ఏమీ రాదు’ అన్న చోట ఇంత కనబడుతుంది.

ఎవరిని అడిగామన్నది కూడా అంతే ముఖ్యం. ఇంటి యజమానినే పలకరించి లేచిపోయే సర్వేలపై నాకు నమ్మకం తక్కువ. ఏ గట్టు మీద ఏ దుంప ఏ నెలలో దొరుకుతుందో తెలిసినవారు అరుగు మీదే ఉంటే, ఒక్క మాటైనా అడగకపోవడం అన్యాయం. అడవి విషయంలో స్త్రీల మాటకు విలువ ఉందనడానికి ఒక ఆధారం ఉంది: గుజరాత్, నేపాల్‌లలో ఊరివారే అడవిని చూసుకునే అటవీ సంఘాలను పరిశీలించిన ఆర్థికవేత్త బీనా అగర్వాల్, కార్యవర్గంలో స్త్రీలు ఎక్కువగా ఉన్నచోట అడవి పరిస్థితి మెరుగుపడిందని చూపారు.

ఈ లెక్కతో మీ ఊరికి నేరుగా పని ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై, అంటే వెదురు, తేనె, దుంపలు వంటి కలప కాని వాటిపై, అడవిలో నివసించేవారి యాజమాన్య హక్కును గుర్తిస్తుంది. 2013 భూసేకరణ చట్టం, సేకరణకు ముందు మూడేళ్లుగా అడవే ముఖ్య జీవనాధారంగా ఉండి, భూసేకరణ వల్ల దాన్ని కోల్పోయే కుటుంబాలనూ, అంటే అటవీ ఫలసాయం సేకరించేవారినీ, భూమి లేకపోయినా బాధిత కుటుంబాలుగానే చూస్తుంది. రేపు అలాంటి అవసరం వస్తే, ‘ఏమీ రాదు’ అని రాసిన పాత కాగితం మీకు ఎదురుసాక్ష్యంగా నిలిచే ప్రమాదం ఉంది. ఏ నెలలో ఏది తెచ్చారో, ఎంత అమ్మారో, ఎంత వాడుకున్నారో మీ అమ్మగారి చేత చెప్పించి, మీరే నెలవారీగా రాసిపెట్టండి. దాన్ని గ్రామసభలో చదివి వినిపించి, మిగతా ఇళ్ల వివరాలనూ చేర్చమని కోరండి.