సమాధానం: ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే మీటింగ్ తెగిపోతోంది

పర్లాకిమిడిలో ఇంటి నుంచి పని, ఇన్వర్టర్ ఉంది, అయినా కరెంటు పోయినప్పుడల్లా రెండు మూడు నిమిషాలు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సురక్షిత దారి) ఊడిపోతోంది, మీటింగ్ తెగిపోతోంది అన్నారు. అది లైను తప్పు కాదండీ. ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారే ఆ రెప్పపాటులో రౌటర్ ఆగి, మళ్లీ మొదటి నుంచి లేస్తోంది.

ముందు ఇన్వర్టర్ వెనక ఎకో, యూపీఎస్ అని స్విచ్ ఉందేమో చూసి, యూపీఎస్ వైపు పెట్టండి, బ్యాటరీకి మారడం ఇంకా త్వరగా జరుగుతుంది. దీనికో చిక్కుంది: ఈ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180 కిందికి దిగితే చాలు, బ్యాటరీకి మారిపోతుంది. వోల్టేజీ పడిపోయే వేసవి సాయంత్రాల్లో బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది.

అందుకే నా ఓటు రౌటర్‌కి పెట్టే మినీ యూపీఎస్‌కే, అంటే రౌటర్‌కి మాత్రమే కరెంటిచ్చే చిన్న బ్యాటరీ పెట్టెకే. కొనేముందు అడాప్టర్ మీద 'అవుట్‌పుట్' చదవండి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే సరిగ్గా అదే వోల్టేజీ కావాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు. 9 వోల్టుల రౌటర్‌కి 12 ఇస్తే కాలిపోవచ్చు. 30 వాట్-అవర్ల బ్యాటరీ 10 వాట్ల రౌటర్‌ని లెక్కకి 3 గంటలు, నిజానికి రెండున్నర దాకా నడుపుతుంది. ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె రౌటర్‌కి విడిగా ఉంటే దానికీ ఇవ్వాలి, చాలామంది మరిచేది ఇదే.

అప్పటికీ తెగి, ఆ ఫైబర్ పెట్టె మీద 'లాస్' (LOS, సిగ్నల్ రావట్లేదని చెప్పేది) దీపం ఎర్రగా వెలిగితే ఆపరేటర్ దగ్గరే కరెంటు లేదన్నమాట, లేదా తీగ తెగింది. అప్పుడిక ఫోన్ హాట్‌స్పాటే. మీకు పక్కనే ఆంధ్రలోని పాతపట్నం కాబట్టి ఫోను ఒడిశా, ఆంధ్ర టవర్ల మధ్య ఊగుతుంటే వీపీఎన్ మళ్లీ తెగుతుంది. సెట్టింగుల్లో నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్ తీసేసి, సిగ్నల్ బాగున్నది మీరే ఎంచుకోండి. వీడియో ఆపి మాట్లాడితే డేటా కూడా మిగులుతుంది.